తోడు

దేవుని దర్శనము చేసికొనినవారు వెంటనే ఇల్లు చేరక, ఆలయ మండపమున కొంతసేపు కూర్చుండి లేచుట మన పెద్దల ఆచారము. ఆ కొద్దిసేపటిలో వయసు మీరినవారు మనసులో చేసికొను విన్నపము చాలవరకు ఒక్కటియే. "ఎవరికీ భారం కాకుండా, మంచాన పడకుండా, కాళ్లూ చేతులూ ఆడుతుండగానే తీసుకుపో తండ్రీ" అని. సంస్కృత పరిచయము గలవారు ఇట్టి కోరికనే శ్లోకరూపమున చెప్పుకొందురు. ఆయాసము లేని మరణమును, దైన్యము లేని జీవనమును ప్రసాదింపుమని ఆ శ్లోకమునకు అర్థము. పైకి రెండును ఒకే ప్రార్థనవలె కన్పట్టును. కొంచెము నిదానించి చూచినవారికి ఒక తేడా తెలియును. శ్లోకము దైన్యము వలదన్నది. వాడుకలోని విన్నపము భారము వలదన్నది.

దైన్యమును, భారమును ఒకటియేనా? ఒకరికి భారము కాకుండ బ్రదుకుట ధర్మమా, లేక ధర్మమువలె కనబడు అభిమానమా? ఈ ప్రశ్న వృద్ధులను మాత్రమే తాకునది కాదు. ఇరువదవ యేట "నాకెవరి సాయమూ అక్కరలేదు" అన్నవాడే డెబ్బదవ యేట "నేనెవరికీ భారం కాకూడదు" అనును. మాట మారినది గాని పట్టుదల మారలేదు.

తన బరువు ఇంకొకరిచే మోయింపక బ్రదికినవాడు లోకమున లేడు. తల్లి తొమ్మిది నెలలు మోసినది. నడక వచ్చువరకు ఇంటిల్లిపాదియు చంకన వేసికొని తిరిగిరి. "పోయేనాడు మోయడానికి నలుగురు కావాలి" అను మాట వినబడని తెలుగిల్లు లేదు. మొదటి మోతకును, కడపటి మోతకును నడుమ, తన కాళ్లపై తాను నిలిచితినని మనుజుడు అనుకొను కాలము కొంత కలదు. ఆ కాలమునందును అతడు తిను అన్నము ఎవరో దున్నిన చేనినుండి వచ్చినది. కట్టు బట్ట ఎవరో నేసినది. నడచు బాట ఎవరో వేసినది. వెలయిచ్చి కొంటినని అతడనవచ్చును. పైరునకు నీరు పెట్టుటకై అర్ధరాత్రి లాంతరు చేతబట్టి చేనికి పోయినవాని నిద్రకు వెల కట్టిన అంగడి ఎక్కడను లేదు.

వేదము ఈ సంగతిని ఋణమను మాటతో చెప్పినది. మనుజుడు ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి పుట్టుచున్నాడని తైత్తిరీయ సంహిత. శతపథ బ్రాహ్మణము వీనికి నాల్గవదిగా మనుష్య ఋణమును చేర్చినది. అధ్యయనముచే ఋషి ఋణమును, యజ్ఞముచే దేవ ఋణమును, సంతానముచే పితృ ఋణమును, అతిథికి నెలవును అన్నమును ఇచ్చుటచే మనుష్య ఋణమును తీర్చుకొనవలెను. మూడింటితో లెక్క ముగించుట వాడుకయైనందున ఈ నాల్గవదానిని గూర్చి ఉపన్యాసములలో అంతగా వినము. ఇంటి గడప దాటిన వెంటనే ఎదురగు ఋణము మాత్రము ఇదియే.

అంగడివానికి ఈయవలసిన అప్పు వేరు, ఈ ఋణము వేరు. అప్పునకు గడువు కలదు. గడువు దాటించుట పాపము. తీరిన వెంటనే పత్రము చింపివేయుదురు, అంతటితో ఒకరికొకరు ఏమియు కారు. ఒక అతిథికి ఒకపూట అన్నము పెట్టి మనుష్య ఋణము తీరినదని పత్రము చింపుటకు వీలులేదు. ఎక్కడివారో ఎక్కడివారికో ఆప్తులైనప్పుడు మన ఇండ్లలో "ఏ జన్మ ఋణమో" అందురు. ఋణానుబంధమను మాటలో అనుబంధము ఋణమును అంటిపెట్టుకొని యున్నది. ఋణము పూర్తిగా తెగినచోట అనుబంధమును తెగిపోవునేమో యను శంక ఆ మాటలోనే కలదు.

ఇంతకంటె చిన్నది, ఇంతకంటె ఇంటిదియైన మాట తెలుగున ఇంకొకటి కలదు. అది తోడు. ఒక తల్లి కడుపున పుట్టినవారు తోడబుట్టినవారు. ఒక యింటికి వచ్చినవారు తోడికోడండ్రు. చీకటిలో పొలిమేర దాటవలసినవానికి ఇంకొకడు తోడు పోవును. మన వ్యాకరణమునందలి తృతీయా విభక్తిలోను తోడన్ అను ప్రత్యయము కలదు. అది లేనిదే ఒకరితోడ ఇంకొకరిని కలుపు వాక్యము నడవదు. నూతినుండి నీరు తోడుదురు. పాలకు తోడు వేయుదురు. ఈ మాటలన్నిటికిని మూలమొకటియా కాదా యనునది శబ్దశాస్త్రజ్ఞులు తేల్చవలసినది. వాడుకలో ఇవి ఒకదాని సరసన ఒకటి నిలిచి, తెలుగువాడు మనికిని ఎట్లు చూచినాడో చెప్పకయే చెప్పుచున్నవి.

పాలకు తోడు వేయుట ప్రతి గృహిణియు ఎరిగిన పని. పాలు కాచి, గోరువెచ్చనగువరకు ఆగి, చెంచెడు పెరుగు కలిపి మూతపెట్టి కదలింపక యుంచవలెను. తెల్లవారునప్పటికి తోడుకొనును. వేడి ఎక్కువైనచో తోడు చచ్చును; పాలు చల్లారిపోయినచో తోడుకొనవు. ఎంత చిక్కని పాలైనను తమంతట తాము కమ్మని పెరుగు కానేరవు. ఊరక ఉంచినచో విరిగిపోవును. ఏ కారణముననో ఇంట తోడు లేనినాడు పొరుగింటికి గిన్నె పట్టుకొని పోవుట మనకు తప్పనిసరి. అందుకు సిగ్గుపడిన ఇల్లాలు లేదు. (దీపాలవేళ దాటినపిమ్మట పెరుగు ఈయరాదను పట్టింపు కొన్ని యిండ్లలో కలదు, అది తెలిసినవారు వెలుగుండగనే పోవుదురు.) రేపు ఆ పొరుగింట తోడు లేనినాడు వారు మన ఇంటికి వత్తురు. ఇట్లు కొన్నేండ్లు గడచిన తరువాత ఆ వీధిలో ఏ యింటి పెరుగు ఏ యింటినుండి మొదలైనదో చెప్పగలవారుండరు. లెక్క పోయినది. పెరుగు నిలిచినది.

ఇచ్చిపుచ్చుకొనుటలో లెక్కను మూయకుండ ఉంచుట మన ఇండ్లలో పూర్వమునుండి అలవాటుగా వచ్చినది. పొరుగింటినుండి పులుసో పరమాన్నమో వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఈయరాదు. ఏమియు లేకున్న చిటికెడు పంచదారయైనను వేసి ఈయవలెను. చేబదులు పుచ్చుకొనిన బియ్యమును తిరిగి కొలుచునప్పుడు మానికపై పిడికెడు ఎక్కువ పోయుదురు. పెండ్లిలో చదివింపుల పుస్తకము వ్రాయుదురు గదా. తిరిగి వారింట శుభకార్యము వచ్చినప్పుడు ఆ పుస్తకము తీసి చూచి, వ్రాసియున్న దానికంటె కొంత చేర్చి చదివింతురు. సరిగా అంతయే ఇచ్చినచో లెక్క చెల్లినట్లగును. లెక్క చెల్లినచో రాకపోకలు చెల్లినట్లగును. నూటికి పదునారు చేర్చి నూటపదహార్లుగా ఇచ్చుటకు పెద్దలు పలువిధములైన కారణములు చెప్పుదురు. కారణమేదైనను ఆ మొత్తము గుండుగా ముగియదు.

ఇంతకంటెను గంభీరమైన ఆచారము వాయనము. శ్రావణమాసమున మంగళగౌరీ వ్రతము చేసికొనిన ఇల్లాలు నానబెట్టిన శనగలు, తాంబూలము, పసుపుకుంకుమలు ముత్తైదువకు అందించును. అందించునప్పుడు, ఇచ్చితినని ఈమె పలుకవలెను. పుచ్చుకొంటినని ఆమె పలుకవలెను. ఇట్లు ముమ్మారు. వాయనము పుచ్చుకొన్నది ఎవరని అడిగినచో, తానే గౌరినని పుచ్చుకొన్నామె బదులు చెప్పుటయు కలదు. ఆ శనగలకై ఎదురుచూచు పేదరికము ఆ ముత్తైదువకు లేదు. ఆమె ఇంటను వ్రతమే, ఆమె ఇంటను శనగలే. అయినను ఆమె వచ్చి, కొంగు పట్టి, పుచ్చుకొంటినని నోరార పలికినగాని ఈమె వ్రతము పూర్తి కాదు. ఇచ్చినామెకు పుణ్యము కలిగించినది పుచ్చుకొన్నామె. ఆ క్షణమున దేవతగా నిలిచినది పుచ్చుకొనిన చేయియే. ఇచ్చుటయే గొప్ప, పుచ్చుకొనుట చిన్నతనము అను మాటను ఈ చిన్న వ్రతము తలక్రిందు చేయుచున్నది.

పురాణములలో పరమాత్మయే పుచ్చుకొనుటకు చేయి చాచిన ఘట్టములు అనేకములు. వామనుని మూడడుగులు అందరికిని తెలిసినవే. కుచేలోపాఖ్యానమున ఒక సూక్ష్మము కలదు. దానిని గమనించినవారు తక్కువ. కుచేలుడు ద్వారకకు ప్రయాణమైనప్పుడు ఇంట ఈయదగినదేదియు లేదు. భార్య పొరుగిండ్లకు పోయి అడిగి నాలుగు పిడికిళ్ల అటుకులు తెచ్చి, చినిగిన వస్త్రపు కొంగున కట్టియిచ్చినదని సంస్కృత భాగవతము చెప్పుచున్నది. అనగా ఆ అటుకులు కుచేలునివి కావు, ఇరుగుపొరుగువారివి. తీరా ద్వారక చేరిన తరువాత ఆ రుక్మిణీదేవిని, ఆ సంపదను చూచి కుచేలుడు సిగ్గుపడి మూట దాచుకొనినాడు. ఇచ్చుటకు సిగ్గుపడినవానిని ప్రక్కనుంచి, శ్రీకృష్ణుడు పుచ్చుకొనుటకు సిగ్గుపడలేదు. నాకేమి తెచ్చితివని తానే అడిగినాడు. తానే మూట లాగుకొనినాడు. ఒక పిడికెడు భుజించినాడు. లోకములన్నియు తన కుక్షిలో నున్నవానికి ఆ పిడికెడు అటుకుల అక్కర ఏమి? అక్కర మిత్రునిది. ఏమియు ఈయలేకపోతినను చింతతో ఆ బ్రాహ్మణుడు వెనుదిరుగకుండుటకై స్వామి అడిగి పుచ్చుకొనినాడు.

పుచ్చుకొనుటలో మర్యాద యెట్టిదో రామాయణమునందు గుహుని ఘట్టము చూపును. శృంగిబేరపురమున నిషాదరాజు గుహుడు భక్ష్యభోజ్యములతో, పానుపులతో ఎదురేగినాడు. శ్రీరాముడు మునివ్రతమున నున్నవాడు. ఆ విందు స్వీకరింపరాదు. కాని వలదని చేయి అడ్డు పెట్టి ఊరకుండలేదు. కాలినడకను ఇంతదూరము వచ్చి ప్రేమ చూపితివి, అదియే మాకు సత్కారమని పలికి గుహుని కౌగిలించుకొనినాడు. పిమ్మట గుర్రములకు మేత మాత్రము అడిగినాడు. ఆ గుర్రములు మా తండ్రిగారికి ప్రియమైనవి, వానికి కడుపు నింపినచో నన్ను పూజించినట్లే యగునన్నాడు. తన వ్రతము చెడలేదు. గుహుని చేయి వట్టిది కాలేదు. మరునాడు జటలు కట్టుకొనుటకు మఱ్ఱిపాలు గుహునిచేతనే తెప్పించుకొనినాడు. గంగ దాటుటకు అతని పడవయే ఎక్కినాడు. అరణ్యవాసమున కాలు పెట్టిన మొదటి దినములలోనే శ్రీరాముడు ఒకరికి ఋణపడినాడు. ఆ ఋణమును మోయుటలో అతనికి దైన్యము లేదు.

ఇక తిరుమలేశుని కథ వేరుగ చెప్పవలెనా? వైకుంఠము విడిచి వేంకటాద్రికి వచ్చిన శ్రీనివాసుడు పుట్టలో తలదాచుకొనినాడు, గోవు పాలు త్రాగినాడు, తల గాయపడినప్పుడు వకుళమాత సేవ పొందినాడు. ఆకాశరాజు కుమార్తె పద్మావతితో పెండ్లికి చేతిలో ధనము లేక కుబేరునివద్ద ఋణము తెచ్చినాడు. బ్రహ్మయు శివుడును అశ్వత్థవృక్షమును సాక్షులు. కలియుగాంతమువరకు వడ్డీ కట్టుచుండుటకు ఒడంబడినాడని కథ. లక్ష్మీపతికి అప్పు ఏమిటని పిల్లలు అడుగుదురు. పెద్దలు నవ్వి ఊరకుందురు. పిల్లల ప్రశ్న ఊరక విడువదగినది కాదు. స్వామి ఋణపడియున్నాడు గనుకనే, నీవు హుండీలో వేయు రూపాయయు నాకు అక్కరకు వచ్చుచున్నదని కటిక పేదవానితోను ఆయన అనగలుగుచున్నాడు. తలనీలాలు సమర్పించువారు నీలాదేవి ఋణమును తలచుకొందురు. దిగువ తిరుపతిలో పవ్వళించియున్న గోవిందరాజస్వామి తలక్రింద కుంచమును చూపి, తమ్ముని అప్పు తీర్చుటకు ధనము కొలిచి కొలిచి అన్నగారు అలసి పండుకొన్నారని యాత్రికులు చెప్పుకొందురు. ఏ అక్కరయు లేని దైవమును మ్రొక్కవచ్చును. అక్కరగల దైవముతోడ మాత్రమే ఇచ్చిపుచ్చుకొను సంబంధము కుదురును. తెలుగువారి భక్తి అట్టి దైవమును కోరుకొనినది.

ఇంతవరకు చెప్పినదానికి ఎదురుమాట లేకపోలేదు. ప్రతిగ్రహమును గూర్చి మనువు హెచ్చరించినాడు: పుచ్చుకొనుటకు అర్హత యున్నను దానిపై మోజు పెంచుకొనరాదు, అందువలన బ్రహ్మతేజము నశించునని. ఈ హెచ్చరిక అక్కర లేకయే చేయి చాచువానికి చెల్లును. పనిచేయగల ఒడలుండియు అన్నదమ్ముల పంచన కూర్చుండి తినువానికి చెల్లును. కాలు విరిగి మంచమునందున్న ముదుసలికి గ్లాసెడు నీరు పుచ్చుకొనుట ప్రతిగ్రహము కాదు.

మరియొక ఎదురుమాట ఇంతకంటె బరువైనది. పెద్దలు భారము కాకూడదని కోరుట అభిమానముచేతనే కాదు. భారము మోయువారి మొగములు చూచియు కోరుచున్నారు. మంచమున పడిన అత్తగారిని ఎత్తి దించునది సాధారణముగా ఒక్క కోడలు. లేక తన సంసారము మాని వచ్చిన ఒక్క కూతురు. మిగిలినవారు ఆదివారమునాడు వచ్చి పండ్లు ఇచ్చి, "నీ సేవ గొప్పదమ్మా" అని పొగడి పోవుదురు. సేవ యను పెద్దపేరు పెట్టి ఒక్కరి మెడ విరుచుట అన్యాయము. ఆ ఒక్కరి అలసటను కండ్లార చూచిన ముసలితల్లి, నన్ను తీసికొనిపొమ్మని దేవుని వేడుకొనుటలో తప్పెన్నుటకు ఎవరికిని నోరాడదు. కాని దోషము ఎక్కడిది? నలుగురు మోయవలసినది ఒక్కరిపై పడుటయందు దోషము కలదు. వంతులు వేసికొని రాత్రులు మేలుకొను తోడబుట్టినవారు, మధ్యాహ్నము రెండు గంటలు వచ్చి కూర్చుండి కోడలిని నిద్రపొమ్మను పొరుగింటామె ఉన్నచోట అదే భారము అంత భారముగ ఉండదు.

ఇచ్చువారి మాటయు కొంత చెప్పవలసియున్నది. తైత్తిరీయోపనిషత్తు గురుకులము విడిచిపోవు శిష్యునకు దానమును గూర్చి బోధించుచు, శ్రద్ధతో ఇమ్మనినది, సిగ్గుపడుచు ఇమ్మనినది, భయముతో ఇమ్మనినది. పుచ్చుకొనువాడు సిగ్గుపడవలెనని అనలేదు. ఇచ్చిన దుప్పటితో ఫొటో తీయించుకొను దాతలకు ఈ వాక్యములు వినిపింపదగినవి. ఉపనిషత్తు చెప్పిన సిగ్గు ఇచ్చువానియందు లేనప్పుడు, అది పుచ్చుకొనువానిపై పడి దైన్యమగును. మండపమున కూర్చున్న ముదుసలి భయపడునది నిజమునకు దీనికే. శ్లోకము వలదన్నదియు దీనినే.

ఇంకను ఒకటి. చనిపోయినవాని వెంట వచ్చునది ధర్మమొక్కటియే, బంధువులు కట్టెలవద్ద నిలిచిపోవుదురు. కనుక ఈ తోడులన్నియు మిథ్య యని వైరాగ్యము చెప్పువారు కలరు. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట కడవరకు నడచిన కుక్క ధర్మదేవతయే గదా యందురు. కథ నిజమే. కాని ఆ కుక్క ధర్మదేవత యని ధర్మరాజునకు అప్పటికి తెలియదు. అతనికి తెలిసినదెల్ల, అది తనను నమ్మి వచ్చినదనుట. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడన్నప్పుడు, నమ్మినదానిని విడిచి వచ్చు స్వర్గము నాకు వలదన్నాడు. ధర్మము తోడు వచ్చినది సరే. ఆ కుక్కకు తాను తోడుగా నిలిచినందుననే అది ధర్మమని తేలినది.

నేటి జీవనమున పరుల సాయము లేకయే గడచునట్లు కనుపించు సౌకర్యములు హెచ్చినవి. కూరగాయలు, మందులు, వండిన అన్నము ఫోనులో చెప్పిన గడియలో వాకిటికి వచ్చుచున్నవి. పిల్లలు హైదరాబాదునందో, అమెరికాలోనో ఉన్న తల్లిదండ్రులకు ఇవి మేలు చేయుచున్నమాట నిజము, నిందింపబనిలేదు. తల్లిదండ్రుల పోషణము బిడ్డల విధియని 2007లో చట్టము కూడ వచ్చినది. విడిచిపెట్టిన బిడ్డలనుండి నెలకింత అని ఇప్పించుటకు దారి ఏర్పడినది. చట్టము డబ్బు ఇప్పింపగలదు. సాయంకాలము అరుగుపై కూర్చుండి "ఈవేళ కూరేమిటి పిన్నిగారూ" అని అడుగువారిని ఇప్పింపలేదు.

అనేక పట్టణములలో, అనేక వీధులలో జరుగుచున్న ముచ్చట యొకటి. ఒంటరిగా నున్న వృద్ధురాలు రాత్రివేళ స్నానాలగదిలో జారి పడును. లేవలేక తెల్లవార్లు చలిలో అట్లే ఉండును. గోడకు అవతలనే పొరుగువారున్నారు, కేక వేసిన వినబడును, వేయదు. ఉదయమున పాలవాడు పిలిచి, పలుకకున్న పొరుగింటామెకు చెప్పగా ఆమె పరుగెత్తుకొని వచ్చి తలుపు తీయించును. కట్టు కట్టించి, కాఫీ త్రాగించి, ఆ తరువాత ఆమెకు కోపము వచ్చును.

"ఒక్క కేక వేస్తే రానా పిన్నిగారూ? గోడవతలే ఉన్నాను గదా!"

"అర్ధరాత్రి నీ నిద్ర పాడు చేయడమెందుకని ఊరుకున్నానమ్మా."

"మా అమ్మాయి పురిటినాడు పది రాత్రులు మీరు మేలుకొని కూర్చున్నారు. నేను వద్దన్నానా? మీరిస్తే పుచ్చుకోవడానికి నేను పనికొచ్చాను. నేనిస్తే పుచ్చుకోవడానికి మీకు చేయి రాలేదు."

ఆ పొరుగింటామె మాటలో కోపముకంటె బాధయే హెచ్చు. పది రాత్రులు ఇచ్చినామె దాతయే, సందేహము లేదు. కాని ఒక్క రాత్రిని పుచ్చుకొనక, ఆ పది రాత్రులను ఆమె తెలియకయే తన గొప్పగా చేసికొనినది. పొరుగామెను ఎన్నటికిని తీరని అప్పులో నిలిపినది. ఇచ్చుటయందు ఉదారులై, పుచ్చుకొనుటయందు లోభులైనవారు సజ్జనులలోనే ఎక్కువ. దుష్టులకు ఈ లోపము లేదు.

2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఈ సత్యము కఠోరముగా అనుభవమునకు వచ్చినది. ఒకరినొకరు తాకరాదు, ఒకరింటికొకరు పోరాదు. ఎవరికిని భారము కాని బ్రదుకు అందరికిని ఒక్కసారిగా లభించినది. అది ఎంత దుర్భరమో అందరును చూచిరి. కడపటి మోతకు నలుగురు దొరకని ఇండ్లుండెను. ఆ దినములలో కులము, ఊరు, పేరు అడుగక ముందునకు వచ్చి పరుల శవములను మోసి దహనసంస్కారములు జరిపించిన యువకులు తెలుగునాట అనేక ఊళ్లలో కలరు. వారి ఋణమును ఆ కుటుంబములవారు ఏమిచ్చి తీర్తురు? ఎన్నడును తీర్పలేరు. తీర్పలేకపోవుటవలన వారికి వచ్చిన అవమానమును లేదు.

దేవాలయము ఈ పాఠమును ఉపన్యాసము లేకయే చెప్పుచున్నది. సన్నిధిని నిలిచినవాడు కోటీశ్వరుడైనను తీర్థమునకు చేయి చాచవలసినదే. ఆ చేయి అర్చకుని చేతికి క్రిందుగనే ఉండవలెను. శఠగోపమునకు తల వంచవలసినదే. తిరుమలలో తరిగొండ వెంగమాంబ పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దములలోనే యాత్రికులకు అన్నదానము జరిపించినది. 1985లో దేవస్థానము నిత్యాన్నదాన పథకమును మొదలుపెట్టినది; 2011లో ఆమె పేరనే అన్నప్రసాద భవనము వెలసినది. అచ్చట విస్తరిముందు కూర్చున్నవారిలో ఇంట పదిమందికి పెట్టగలవారు ఎందరో కలరు. ప్రక్కనున్న కూలివాని విస్తరిలో పడిన గరిటెడు అన్నమే వారి విస్తరిలోను పడును. ఇది ఎవని సొమ్మని అడుగువాడు లేడు. నాకు వలదనువాడు లేడు. 2000 సంవత్సరమున మొదలైన శ్రీవారి సేవకు పేరిచ్చుకొని వచ్చి ఆ పంక్తులలో వడ్డించువారు, తమ పని ముగిసిన పిమ్మట అదే పంక్తిలో కూర్చుండి ఇంకొకరిచే వడ్డింపించుకొందురు. ఉదయము ఇచ్చిన చేయి మధ్యాహ్నము పుచ్చుకొనును.

ఉత్సవమునాటి ఊరేగింపును గూర్చి చెప్పి ఈ ముచ్చట ముగింపవచ్చును. పదునాలుగు భువనములు మోయువాడు ఆనాడు పల్లకిలో కూర్చుండి మనుజుల భుజములపై బయలుదేరును. చిన్న ఊళ్లలో ఆ పల్లకికి బోయీలు వేరుగ నుండరు, ఊరివారే మోయుదురు. భుజము నొచ్చినవాడు తప్పుకొనగనే ప్రక్కవాడు భుజమిచ్చును. స్వామి నేల దిగడు. పదేండ్ల పిల్లవాడు కాలివ్రేళ్లపై నిక్కి పల్లకి కొయ్యకు చేయి ఆనించి నడచును. వానిమీద బరువేమియు లేదు. అయినను తీసివేయుమని ఎవరును అనరు. ఆలయమునకు నడచి పోలేనివారి కొరకే స్వామి వీధి వీధి తిరుగునని పెద్దలందురు. ఒక్కొక్క వాకిట పల్లకి ఆగును. గడపలో కుర్చీ వేసికొని కూర్చున్న ముసలమ్మ కొబ్బరికాయ, పండ్లు పెట్టిన పళ్లెమును వణకు చేతులతో ఎత్తబోవును. పళ్లెము ఒరుగును. ప్రక్కింటి పిల్ల వచ్చి రెండవ వైపున పట్టుకొనును. ముసలమ్మ ఆ పిల్ల వంక చూచి, చేయి సడలించి, సగము బరువు ఆమెకు విడుచును. అర్చకుడు పళ్లెమందుకొని హారతి వెలిగించును.